పొలం తాకట్టు పెట్టేముందు ఒక్క ఉత్తరం రాసి చూడండి

ఈసారి వినాయక చవితికి ఊరెళ్తే, పీట మీద పత్రి ఇంకా తీయకముందే మా బాబాయి వచ్చి పట్టాదారు పాస్ పుస్తకం నా చేతిలో పెట్టాడు.

"అబ్బాయ్, దీని మీద బ్యాంకువాళ్లు ఎంతిస్తారో కాస్త కనుక్కో. తమ్ముడికి అమెరికాలో సీటొచ్చింది. జనవరికల్లా వెళ్లాలంట" అన్నాడు.

రెండెకరాల మిర్చి పొలం. బాబాయికి ఉన్నదల్లా అదే. ఫీజు, అక్కడి ఖర్చులు కలిపి నలభై లక్షలవుతుందని కన్సల్టెన్సీ వాళ్లు కాగితం మీద లెక్క వేసిచ్చారు. తమ్ముడు పక్కనే నిలబడి ఫోన్ చూసుకుంటున్నాడు కానీ, చెవులు మాత్రం మా దగ్గరే ఉన్నాయి.

"స్కాలర్‌షిప్‌కి ఎక్కడన్నా పెట్టావురా?" అనడిగాను.

వాడు నోరు తెరిచేలోపే బాబాయి అందుకున్నాడు. "అవి మనకెందుకిస్తారు నాయనా? గోల్డ్ మెడల్ వాళ్లకి, ఐఐటీ వాళ్లకి గానీ."

నాకు నవ్వొచ్చింది, కాస్త కోపమూ వచ్చింది. బీటెక్‌లో నాకు రెండు సప్లీలు ఉన్నాయి. మొత్తం మీద 68 శాతం. మా కాలేజీ పేరు చెబితే పక్క జిల్లా వాళ్లకి కూడా తెలియదు. అయినా యూరప్‌లో ఫీజు కట్టకుండా మాస్టర్స్ చదివి, నెలనెలా వాళ్లిచ్చిన డబ్బుతోనే బతికి, రూపాయి అప్పు లేకుండా తిరిగొచ్చాను. ఇప్పుడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బాబాయికి ఇదంతా తెలుసు. కాకపోతే అది నా జాతకం అనుకుంటాడు. మా ఊళ్లో అందరూ అంతే అనుకుంటారు.

అదృష్టం అసలు లేదని నేనూ అనను. కానీ మొదటి ఏడాది కూడా అదే నేను, అవే మార్కులు. మూడు చోట్ల పెడితే మూడు చోట్లా కాదన్నారు. రెండో ఏడాదికి మార్కులేం మారవు కదా! మారింది నా ఉత్తరం. ఆ సంగతి తమ్ముడికి అరుగు మీద కూర్చోబెట్టి చెప్పాను. వాడికి చెప్పిందే ఇక్కడ మీకూ చెబుతున్నాను. మీ ఇంట్లో కూడా ఒక పాస్ పుస్తకం ఈపాటికి బీరువాలోంచి బయటికి వచ్చి ఉండొచ్చు.

పదిహేను వేల ఉత్తరం

విదేశాల్లో చదువుకి దరఖాస్తు పెడితే, ఎందుకు చదవాలనుకుంటున్నావో ఒకటి రెండు పేజీల్లో రాయమంటారు. అమెరికా వైపు స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ అంటారు, యూరప్‌లో మోటివేషన్ లెటర్ అంటారు. మనవాళ్లు దేనికైనా ఎస్‌వోపీ అనే అంటారు.

మొదటిసారి నేను ఆ ఉత్తరం రాయలేదు. కొనుక్కున్నాను. అమీర్‌పేటలో ఒక కన్సల్టెన్సీకి పదిహేను వేలు కట్టాను. వాళ్లు నా రెజ్యూమె తీసుకొని మూడు రోజుల్లో ఉత్తరం, దాంతోపాటు రెండు రికమండేషన్ లెటర్లు పంపించారు. చదివితే ఒళ్లు పులకరించింది. చిన్నప్పటినుంచీ నాకు కంప్యూటర్లంటే ప్రాణమట. మా ఇంట్లో కంప్యూటర్ అనేది నేను బీటెక్ రెండో ఏడాదిలో ఉండగా వచ్చింది! ప్రపంచాన్ని మార్చాలని నా తపనట. ఆ యూనివర్సిటీకి ఉన్న పేరు ప్రఖ్యాతులు నన్ను ఆకర్షించాయట. ఎంత మంచి ఇంగ్లిషో. ఒక్క మాట కూడా మార్చకుండా పంపించాను.

మార్చిలో ఒకటి, ఏప్రిల్‌లో రెండు... మూడు మెయిళ్లు వచ్చాయి. మూడూ విచారిస్తున్నామనే మొదలయ్యాయి.

బాధలో ఒకరోజు ఆ కాగితాలన్నీ మళ్లీ తీసి చదివాను. మా సార్ సంతకంతో వెళ్లిన రికమండేషన్ లెటర్ రెండో పేరాలో నన్ను 'ఆమె' అని రాసి ఉంది. అంతకుముందు ఏ అమ్మాయికో రాసిన ఉత్తరంలో పేరు మార్చారు, అది మార్చడం మరిచిపోయారు. పంపేముందు నేను చదవలేదు. సంతకం పెట్టేముందు సార్ చదవలేదు. మూడు దేశాల్లో సెలక్షన్ కమిటీలు మాత్రం చదివి ఉంటాయి.

ఇప్పుడు కన్సల్టెన్సీ పని చాట్‌జీపీటీ చేస్తోంది. పదిహేను వేలు మిగులుతున్నాయి, అంతే తేడా. నా దగ్గరికి సలహా కోసం పిల్లలు పంపించే ఉత్తరాలు చదువుతుంటే అన్నీ ఒకే కుర్రాడు రాసినట్టుంటాయి. వాడికి చిన్నప్పటినుంచీ టెక్నాలజీ అంటే ప్యాషన్. తప్పుల్లేవు, మనిషి కూడా లేడు.

కాలువ చివరి పొలం

మాది నాగార్జునసాగర్ కుడి కాలువ కింద ఆయకట్టు. అందులోనూ చివరి ఆయకట్టు. కాలువ చివర పొలం ఉన్నవాడి కష్టం మరొకరికి అర్థం కాదు. పైవాళ్లు తడుపుకొని వదిలితే మనకి, లేదంటే లేదు. నీళ్లు వదిలారని పేపర్లో వస్తుంది, మన తూము దగ్గరికి మాత్రం రావు. రాత్రిపూట మా నాన్న టార్చిలైటు పట్టుకొని కాలువ గట్టు మీద తిరిగేవాడు. మాటామాటా పెరిగి గొడవలయ్యేవి.

ఉద్యోగంలో చేరిన రెండో ఏడాది, శని ఆదివారాలు ఊరొచ్చినప్పుడు నేనొక పని మొదలుపెట్టాను. కాలువ వెంట నడుచుకుంటూ ఒక్కో తూము దగ్గర ఆగి, ఫోన్‌లో ఆ చోటు గుర్తు పెట్టుకునేవాణ్ని. ఏ తూముకి ఏ తేదీన నీళ్లు చేరాయో ఆ రైతుకి ఫోన్ చేసి కనుక్కొని ఎక్సెల్‌లో రాసేవాణ్ని. లస్కరు మొదట నన్ను అనుమానంగా చూశాడు, తర్వాత తనే తేదీలు చెప్పేవాడు. క్యూజిస్ అని మ్యాపులు గీసుకునే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటుంది. యూట్యూబ్ చూసి నేర్చుకొని, నీళ్లు ముందొచ్చిన తూములకి ఆకుపచ్చ, ఆలస్యమైనవాటికి ఎరుపు రంగు వేశాను. రెండు పంటలకి అలా చేశాను. నీటి సంఘం ప్రెసిడెంటు దాన్ని ప్రింటు తీయించి గోడకి అంటించాడు.

అంటించిన మూడో రోజు ఒక రైతు నాకు ఫోన్ చేసి తిట్లందుకున్నాడు. ఆయన తూముకి నీళ్లు ముందే వచ్చినట్టు చూపించానట. వెళ్లి చూస్తే ఆయన చెప్పిందే నిజం. పక్కపక్కనే ఉన్న రెండు తూముల్ని నా ఫోన్ జీపీఎస్ అటూ ఇటూ చేసింది. కొన్ని మీటర్ల తేడా. మ్యాపు మీద అది చుక్కంత. ఊళ్లో అదే ఒక మనిషి పరువు.

ఇది నా మొదటి ఉత్తరంలో లేదు. కన్సల్టెన్సీలో చెబితే, "ఇవన్నీ ఎందుకు బ్రో, మీ ఆఫీసు ప్రాజెక్టు రాద్దాం" అన్నారు. నాక్కూడా అది సబబే అనిపించింది. కాలువ గట్టు మీద తిరగడం చదువు కిందికి వస్తుందని మనకెవరు చెప్పారు?

రెండో ఏడాది దరఖాస్తు పెట్టేముందు, చదవాల్సింది ముందు చదివాను. ఎరాస్మస్ ముండస్ అని యూరోపియన్ యూనియన్ స్కాలర్‌షిప్ ఒకటుంది. కనీసం మూడు దేశాల యూనివర్సిటీలు కలిసి ఒక కోర్సు నడుపుతాయి, మనం ఒక సెమిస్టర్ ఒక దేశంలో, ఇంకో సెమిస్టర్ ఇంకో దేశంలో చదువుతాం. స్కాలర్‌షిప్ వస్తే ఫీజు ఉండదు. పైగా ఇప్పుడు నెలకి 1,400 యూరోలు ఇస్తున్నారు, ఎక్కువలో ఎక్కువ 24 నెలలు. వయసు పరిమితి లేదు. బీటెక్ ఆఖరి ఏడాదిలో ఉన్నవాళ్లు కూడా పెట్టుకోవచ్చు. ఈ కోర్సుల వెబ్‌సైట్లలో చాలా వాటిల్లో ఎంపిక ఎలా చేస్తారో రాసి ఉంటుంది. మార్కులకి ఇంత, ఉత్తరానికి ఇంత, సిఫారసు లేఖలకి ఇంత, అనుభవానికి ఇంత అని. మొదటి ఏడాది నేను ఆ పేజీ తెరవనే లేదు. తెరిచి ఉంటే 68 శాతం అని కుమిలిపోతూ కూర్చునేవాణ్ని కాదు. ప్రశ్నపత్రం ముందే ఇచ్చి పరీక్ష పెడుతుంటే, మనం ప్రశ్నపత్రం చూడకుండా గైడు కొనుక్కుంటున్నాం.

అలా వెతుకుతుంటే జియోస్పేషియల్ టెక్నాలజీస్ కోర్సు కనపడింది. జర్మనీలో మ్యూన్‌స్టర్, స్పెయిన్‌లో కాస్తెయోన్, పోర్చుగల్‌లో లిస్బన్... మూడు యూనివర్సిటీలు కలిసి నడిపే మూడు సెమిస్టర్ల కోర్సు. మ్యాపులు, కంప్యూటర్లు కలిసే చోటు. సిలబస్ చదువుతుంటే నాకు ఆ రైతు తిట్లే గుర్తొచ్చాయి. కొలతలో తప్పెంతో తెలుసుకోవడం ఎలా, తెలిశాక దాన్ని మ్యాపు మీద ఎలా చూపించాలి - నాకు లేనిది ఆ చదువే.

ఉత్తరం ఈసారి ముందు తెలుగులో రాశాను. ఇంగ్లిష్‌లో మొదలుపెడితే చెయ్యి దానంతటదే పెద్ద పెద్ద మాటల వైపు పోతోంది. తెలుగులో అయితే అబద్ధం రాయడానికి సిగ్గేస్తుంది. మొదటి వాక్యం ఇది: 'మా నాన్న పొలానికి నీళ్లు పై తూము కంటే తొమ్మిది రోజులు ఆలస్యంగా వస్తాయి.' ఫోన్‌లో నాన్నకి చదివి వినిపించాను. ఆయన మధ్యలోనే ఆపి, "మొదటి తడికి తొమ్మిది. రెండో తడికి పన్నెండురా" అన్నాడు. రెండూ రాశాను.

తర్వాత మ్యాపు ఎలా గీశానో ఒక పేరా. ఎక్కడ తప్పు చేశానో ఒక పేరా. ఆ తప్పు సరిదిద్దడానికి ఆ కోర్సులో ఏ సబ్జెక్టులు పనికొస్తాయో, తిరిగొచ్చాక ఏం చేస్తానో చివర్లో. ఆఫీసులో రాసే జావా కోడు గురించి మూడు వాక్యాలే. తప్పు గురించి రాయడానికి చాలా భయపడ్డాను. మనల్ని మనమే తక్కువ చేసుకున్నట్టుంటుందేమోనని రెండుసార్లు కొట్టేసి, మళ్లీ రాశాను. ఇప్పుడు ఎవరైనా తమ ఉత్తరం చూపిస్తే నేను వెతికేది ఆ పేరా కోసమే. అది లేని ఉత్తరంలో ఈ కోర్సే ఎందుకు కావాలన్నదానికి జవాబు కూడా ఉండటం లేదు. అంతా వచ్చినవాడికి చదువెందుకు?

"నువ్వే రాసుకొని తీసుకురా"

సిఫారసు లేఖల దగ్గర మన కాలేజీల్లో ఏం జరుగుతుందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి మాట్లాడరు. సార్‌ని అడగ్గానే, "నువ్వే రాసుకొని తీసుకురా, సంతకం పెడతా" అంటారు. ఆయన తప్పని కూడా అనలేను. ఏడాదికి అరవై మంది అడుగుతారు, ఆయన పాఠాలు చెప్పుకోవాలి, నాక్‌కి ఫైళ్లు రాసుకోవాలి. కానీ ఫలితం ఏమిటంటే, ఉత్తరమూ మనదే, రెండు సిఫారసులూ మనవే. మూడింట్లో ఒకే గొంతు. చదివేవాళ్లకి ఆ మాత్రం తెలియదా?

రెండోసారి నేను మా ప్రాజెక్టు గైడ్ దగ్గరికి శనివారం మధ్యాహ్నం వెళ్లాను. ఒక కాగితం మీద నా ప్రాజెక్టు పేరు, ఏ ఏడాది, నాకు ఏ సబ్జెక్టు చెప్పారు, ఇప్పుడు దేనికి పెడుతున్నాను, ఆఖరు తేదీ ఎప్పుడు - ఇంతవరకే రాసి తీసుకెళ్లాను. "సార్, పొగడక్కర్లేదు. మీకు నా గురించి గుర్తున్నది రాయండి చాలు" అన్నాను. ఆయన కాసేపు కాగితం వైపు చూసి, "నీ ప్రాజెక్టు డెమో రోజు కరెంటు పోయింది కదూ, నువ్వు బోర్డు మీద గీసి చెప్పావు" అన్నారు. నేనే మర్చిపోయాను ఆ సంగతి. అరపేజీ రాశారు. ఇంగ్లిష్ అంత గొప్పగా ఏం లేదు. కానీ ఆ అరపేజీలో నేను ఉన్నాను.

ఆ లేఖ కాలేజీ మెయిల్ నుంచే రావాలి. చాలా కోర్సులకి జీమెయిల్ నుంచి వస్తే చెల్లదు. సార్‌కి కాలేజీ మెయిల్ ఉందని సార్‌కే గుర్తు లేదు! సిస్టమ్స్ అడ్మిన్‌ని బతిమాలి పాస్‌వర్డ్ మార్పించేసరికి నాలుగు రోజులు పట్టింది. ఆఖరి వారంలో అడిగి ఉంటే ఆ ఏడాదీ పోయేదే. కనీసం రెండు నెలల ముందే అడగండి.

రెండో లేఖ ఆఫీసు నుంచి కావాలి. ఇక్కడ ఇంకో చిక్కు. చదువుకి వెళ్లిపోతానని మేనేజర్‌కి చెబితే, ఆ మరుసటి అప్రైజల్లో మన సంగతి అంతే. స్కాలర్‌షిప్ వస్తుందో లేదో తెలియదు, హైక్ మాత్రం ఖాయంగా పోతుంది. నేను ఏం చేశానంటే, ఏడాది క్రితం వేరే కంపెనీకి మారిపోయిన మా టీమ్ లీడ్‌ని అడిగాను. ఆయనకి నా పని తెలుసు, నా మేనేజర్‌తో పనిలేదు. తనెక్కడ, ఎప్పుడు నాతో పనిచేశారో స్పష్టంగా రాసి, కొత్త కంపెనీ మెయిల్ నుంచి పంపించారు. ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

ఇంటిపేరు తెచ్చిన తంటా

కాగితాల గురించి ఎక్కువ చెప్పను, ప్రతి కోర్సు వెబ్‌సైట్‌లో జాబితా ఉంటుంది. ఆ జాబితాలో కనపడని ఒక తెలుగు సమస్య మాత్రం చెప్పాలి. మన పదో తరగతి సర్టిఫికెట్లో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది. పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. బీటెక్ మెమోలో ఇంటిపేరు ముందు, ఐఈఎల్‌టీఎస్‌లో చివర. మనకి ఇదంతా ఒక్క మనిషే. యూరప్‌లో కూర్చుని చూసేవాళ్లకి ముగ్గురు మనుషులు. మూడు పేర్లూ ఒకరివేనని నోటరీ దగ్గర అఫిడవిట్ చేయించి జతచేశాను. ఇప్పటికింకా పాస్‌పోర్టు తీసుకోనివాళ్లుంటే, పదో తరగతి సర్టిఫికెట్, ఆధార్ పక్కపక్కన పెట్టుకొని స్పెల్లింగ్ చూసుకున్నాకే దరఖాస్తు పెట్టండి.

ఒరిజినల్ డిగ్రీ, ట్రాన్‌స్క్రిప్టులు యూనివర్సిటీ నుంచి రావడానికి వారాలు పడుతుంది. నివాస ధ్రువపత్రం అడిగే కోర్సులున్నాయి. మీసేవలో తెలుగులో ఇస్తే దాన్ని అనువాదం చేయించాలి. ఎరాస్మస్ కోర్సులు ఎక్కువగా అక్టోబర్ నుంచి జనవరి మధ్యలో దరఖాస్తులు తీసుకుంటాయి, తరగతులు ఆ తర్వాత సెప్టెంబర్‌లో. అంటే దసరా సెలవుల్లో కాగితాలు చేతిలో ఉండాలి. మనవాళ్లు క్రిస్మస్‌కి మొదలుపెడతారు.

అడిగేది వేరు, ఇచ్చేది వేరు

ఒకే ఉత్తరం అన్నిచోట్లకీ పంపడం నేను చేసిన ఇంకో తప్పు. ఒక్కో స్కాలర్‌షిప్ వెనక ఒక్కో ఉద్దేశం ఉంటుంది. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్‌కి 2,800 గంటల పని అనుభవం కావాలి, అంటే సుమారు రెండేళ్లు. ఏడాది మాస్టర్స్ అయ్యాక రెండేళ్లు సొంత దేశంలో ఉండాలి. వాళ్లకి కావాల్సింది రేపు ఇక్కడ నలుగురిని నడిపించే మనిషి. అందుకని నాయకత్వం గురించి, పరిచయాల గురించి విడిగా అడుగుతారు. కామన్వెల్త్ స్కాలర్‌షిప్‌కి, ఈ చదువు వల్ల మీ దేశానికి ఏం ఒరుగుతుందన్నదే ప్రాణం. ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్ ఫెలోషిప్‌కి మూడేళ్ల అనుభవం ఉండాలి, వాళ్లు చెప్పిన కొన్ని సబ్జెక్టులకే ఇస్తారు, అయ్యాక తిరిగి రావాలి. జర్మనీవాళ్ల డాడ్‌లో ఈపోస్ అనే విభాగం రెండేళ్లు ఉద్యోగం చేసినవాళ్ల కోసం. డిగ్రీ అయ్యి ఆరేళ్లు దాటకూడదు. ఇన్‌లాక్స్ అని ముంబైలో ఒక ఫౌండేషన్ ఉంది, మంచి స్కాలర్‌షిప్, కానీ ఇంజినీరింగ్‌కి, కంప్యూటర్ సైన్స్‌కి ఇవ్వరు. ఈ సంగతి తెలియక వారం రోజులు దాని మీద కూర్చున్నాను. జె.ఎన్.టాటా ఎండోమెంట్ 1892 నుంచి ఉంది. అయితే అది రుణంగా ఇచ్చే స్కాలర్‌షిప్, తిరిగి కట్టాలి.

మన ప్రభుత్వాలవీ ఉన్నాయి. కేంద్రం ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఎస్సీలకి, సంచార జాతులకి, భూమిలేని వ్యవసాయ కూలీల, సంప్రదాయ చేతివృత్తుల కుటుంబాలకి. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షలు దాటకూడదు, వయసు 35 లోపు, డిగ్రీలో 60 శాతం. మొత్తం 125 మందికి ఇస్తారు. తెలంగాణలో ఎస్సీ, ఎస్టీలకి అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా వస్తుంది. బీసీలకి, మైనారిటీలకి విడిగా పథకాలున్నాయి. భూమిలేని కూలీల పిల్లలకి కూడా కేంద్రం స్కాలర్‌షిప్ ఉందని మా ఊళ్లో నేను చెప్పినప్పుడు ఒక్కరు కూడా ముందు నమ్మలేదు.

ఇక తమ్ముడి అమెరికా సీటు. ఆ లెటర్లో కూడా స్కాలర్‌షిప్ అని రాసి ఉంది, బాబాయి దాన్ని నాకు వేలితో చూపించాడు. ఫీజులో ఐదు వేల డాలర్లు తగ్గించారు. పండక్కి చీరల కొట్లో ఇచ్చే తగ్గింపు లాంటిదే అది. అమెరికాలో పీహెచ్‌డీకి వెళ్తే చాలా యూనివర్సిటీలు ఫీజు మాఫీ చేసి జీతంలా స్టైపెండ్ ఇస్తాయి. ఎంఎస్‌కి అలా దొరకడం తక్కువ. జర్మనీలో అయితే ప్రభుత్వ యూనివర్సిటీలు చాలావరకు ఫీజే తీసుకోవు. బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం మనలాంటివాళ్లకి సెమిస్టర్‌కి 1,500 యూరోలు. కాకపోతే వీసాకి ఏడాది ఖర్చు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి, ఏపీఎస్ సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. పది పన్నెండు లక్షలు ఒక్కసారి పెట్టడం చిన్న విషయం కాదు కానీ, నలభై లక్షలతో పోలిస్తే పొలం మిగులుతుంది.

రిజర్వ్ లిస్టులో ఆరు వారాలు

రెండో ఏడాది కూడా మూడు కోర్సులకి పెట్టాను. ఒకటి కాదంది. రెండోది సీటిస్తాం, స్కాలర్‌షిప్ ఇవ్వలేం, ఫీజు కట్టుకొని రమ్మంది. ఇది చాలా ప్రమాదకరమైన మెయిల్. చూడగానే గెలిచినట్టే ఉంటుంది. నాన్న వెంటనే, "ఎంతవుద్దిరా, ఎకరం అమ్మితే సరిపోద్దా?" అన్నాడు. వద్దన్నాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. చేతికొచ్చిన సీటు వదులుకుంటున్నానేమో అని.

మూడోది కాలువ ఉత్తరం పంపిన కోర్సు. స్కాలర్‌షిప్ రిజర్వ్ లిస్టులో పెట్టామన్నారు. ముందున్నవాళ్లు ఎవరైనా వద్దంటే మన వంతు వస్తుంది. ఆరు వారాలు పొద్దున లేవగానే మెయిల్ చూడటమే పని. మే నెలలో ఒకరోజు ఆఫీసు క్యాంటీన్‌లో ఇడ్లీ ప్లేటు పట్టుకొని నిలబడి ఉండగా వచ్చింది. నాన్నకి ఫోన్ చేస్తే, "పూర్తిగా వాళ్లేనా? మళ్లీ కట్టమంటారా?" అని మూడుసార్లు అడిగాడు.

అక్కడి విశేషాలు ఇంకోసారి రాస్తాను. మ్యూన్‌స్టర్‌లో వానలో సైకిల్ తొక్కడం నేర్చుకున్నాననీ, కాస్తెయోన్ చుట్టుపక్కల నారింజ తోటలు చూస్తే మా ఊరి బత్తాయి తోటలు గుర్తొచ్చేవనీ మాత్రం చెబుతాను.

చలి గిడ్డంగి కుర్రాడు

చవితి మర్నాడు తమ్ముణ్ని అడిగాను, బీటెక్‌లో మార్కుల కోసం కాకుండా నువ్వు చేసిన పని ఏదన్నా ఉందా అని. "ఏం లేదన్నా" అన్నాడు. అందరూ ముందు అలాగే అంటారు. అరగంట తర్వాత మాటల్లో బయటపడింది. వాడు రెండు వేసవులు గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజర్‌గా చేశాడు. ట్రిపుల్ఈ చదువు కదా, కంప్రెసర్లు ఏ టైములో ఎంతసేపు తిరుగుతున్నాయో ఒక నోటుబుక్కులో రాసుకునేవాడు. మధ్యాహ్నం ఎండలో తలుపులు తెరిచి లారీలు లోడు చేస్తుంటే కరెంటు ఎంత ఎక్కువ కాలుతోందో లెక్కగట్టి ఓనర్‌కి చెప్పాడు. ఓనరు విని, "నీకెందుకురా, బస్తాలు లెక్కపెట్టు" అన్నాడట.

"ఆ నోటుబుక్కు ఉందా?" అన్నాను.

"అటక మీద ఉంటదేమో" అన్నాడు.

దించాం. ఎలుకలు ఒక మూల కొరికాయి కానీ అంకెలు ఉన్నాయి.

ఇంధన రంగంలో ఎరాస్మస్ కోర్సులు రెండు, జర్మనీలో ప్రభుత్వ యూనివర్సిటీలు మూడు ఎంచుకున్నాం. అమెరికా సీటు వదులుకోవడానికి బాబాయి వారం రోజులు ఆలోచించాడు. కన్సల్టెన్సీకి కట్టిన డబ్బు వెనక్కి రాదు, చుట్టాలకి చెప్పుకున్నది వెనక్కి తీసుకోలేం. చివరికి నన్ను సూటిగా అడిగాడు. "ఒక ఏడాది ఆగుతాడు సరే. రాకపోతే?"

రాకపోవచ్చు బాబాయ్ అన్నాను. వందల మంది పెడతారు, వచ్చేది కొద్దిమందికే. రాకపోతే అప్పటికి వాడి చేతిలో జర్మనీ అడ్మిషన్ అన్నా ఉంటుంది, లేదంటే ఉద్యోగం చేస్తూ ఇంకోసారి పెడతాడు. అప్పు మాత్రం వచ్చే ఏడాదీ దొరుకుతుంది, బ్యాంకు ఎక్కడికీ పోదు. బాబాయి ఏమీ అనలేదు. పాస్ పుస్తకం మాత్రం నా దగ్గర్నుంచి తీసుకొని లోపలికి పట్టుకెళ్లాడు.

నిన్న రాత్రి తమ్ముడు నాలుగో డ్రాఫ్ట్ పంపించాడు, తెలుగులోనే. మొదటి వాక్యంలో కోల్డ్ స్టోరేజీ తలుపు మధ్యాహ్నం ఎన్నిసార్లు తెరుచుకుంటుందో రాశాడు. రెండో పేరాలో ఒక లెక్క నాకు తప్పనిపించింది. నోటుబుక్కు చూసి సరిచేయమని చెప్పాను. ఆఖరు తేదీకి ఇంకా పంతొమ్మిది రోజులుంది.